డిప్రెషన్ మాత్రతో ఇబ్బందా? ఆపేసే ముందు ఇది చూడండి

పదిహేనేళ్ళుగా మా పట్టణంలో మందుల షాపు నడుపుతున్నాను. డిప్రెషన్ చీటీ తెచ్చేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడతారు. పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా ఆగి అప్పుడు చీటీ తీస్తారు. ఇంత బెరుకు ఉన్నవాళ్ళు, ఆ మాత్రతో ఏదైనా ఇబ్బంది వస్తే డాక్టర్‌కి ఫోన్ చేసి అడుగుతారా? అడగరు. ఎవరికీ చెప్పకుండా ఆపేస్తారు. ఈ మందుల వల్ల జరిగిన నష్టం కంటే అలా ఆపెయ్యడం వల్ల జరిగిన నష్టమే నేను ఎక్కువ చూశాను. అందుకే నా కౌంటర్ దగ్గర వినపడే మాటల్నే తీసుకుని, ఏది ఎందుకొస్తుందో, అప్పుడేం చేయాలో రాస్తున్నాను.

ఇందులో చెప్పేది ఎక్కువగా ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్ మాత్రల గురించి. మీ స్ట్రిప్ మీద బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది, చూసుకోండి. డోసు పెంచడం, తగ్గించడం, మందు మార్చడం మాత్రం రాసిన డాక్టర్ పనే.

"పది రోజులైంది బాబూ, ఏమీ తేడా లేదు"

తలనొప్పి మాత్రలా గంటలో తెలిసే మందు కాదిది. మనసు కాస్త తేలికపడటానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితం తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఆ తేడా కూడా వేసుకునేవాళ్ళ కంటే ముందు ఇంట్లోవాళ్ళకే కనబడుతుంది: వేళకి స్నానం చేస్తోంది, కూరలో ఉప్పు తగ్గిందని అంది, పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడింది.

ఇలా వచ్చినవాళ్ళని నేను ముందు అడిగేది రోజూ వేసుకుంటున్నారా అని. "మనసు బాగోలేని రోజున వేసుకుంటున్నా" అనేవాళ్ళు చాలామంది. అలా పని చేయదు, రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. రోజూ సరిగ్గా వేసుకున్నా నాలుగు వారాలకి చుక్క మార్పు లేకపోతే మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. డోసు చాలకపోవచ్చు, ఆ మందు మీకు సరిపడకపోవచ్చు. ఒకటి పనిచేయని మనిషికి ఇంకొకటి పనిచేయడం మామూలే.

"కడుపులో తిప్పుతోంది, వేడి చేసినట్టుంది"

ఇది వేడి కాదు. ఈ మందులు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద. మన ఒంట్లోని సెరటోనిన్‌లో ఎక్కువ భాగం ఉండేది మెదడులో కాదు, పేగుల్లో. అందుకే మొదట కదిలేది కడుపు: వికారం, విరేచనాలు, ఆకలి మందగించడం. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక వేసుకోండి. మజ్జిగ తాగుతామంటే తాగండి, తప్పు లేదు. కానీ వేడి పేరు చెప్పి మాత్ర మానకండి.

నిద్ర పట్టకపోతే మాత్ర పొద్దున్నకి, మగతగా ఉంటే రాత్రికి మార్చమని డాక్టర్‌ని అడగొచ్చు. ఒక్క జాగ్రత్త: వాంతులు ఆగడానికని ఒండాన్సెట్రాన్, డోంపెరిడోన్ లాంటివి సొంతంగా కొనకండి. ముఖ్యంగా ఎస్సిటలోప్రామ్ వేసుకునేవాళ్ళలో, గుండె జబ్బు ఉన్నవాళ్ళలో, ఇవి డిప్రెషన్ మాత్రతో కలిస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది.

"మొదలెట్టాక ఇంకా గాబరాగా ఉన్నాడు, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతున్నాడు"

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మొదటి వారాల్లోనూ, డోసు మార్చినప్పుడూ కొందరిలో ఆందోళన, కుదురు లేకపోవడం, చనిపోవాలన్న ఆలోచనలు పెరుగుతాయి. 25 ఏళ్ళ లోపు వాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో ఈ హెచ్చరిక ముద్రించాలని చెప్పి, 2007లో 24 ఏళ్ళ దాకా పొడిగించింది. అంటే కుర్రవాళ్ళకి మందు వాడకూడదని కాదు. మొదటి నెల ఇంట్లో ఒక కన్ను వేసి ఉంచాలని.

అలా కనబడిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది. మాత్రలు ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచి రోజుకొకటి ఇవ్వండి. నెలకి సరిపడా కాకుండా వారానికే ఇమ్మని మమ్మల్ని అడిగితే ఇస్తాం. పొలం ఉన్న ఇంట్లో పురుగుమందు డబ్బాలు తాళం వేసిన చోటికి, వీలైతే వేరే ఇంటికి చేర్చండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేస్తే 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు తెలుగులోనే, ఏ వేళైనా, డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. ప్రాణం మీదికి వస్తే 108, దగ్గర్లోని ఆసుపత్రి.

"తలలో కరెంట్ షాక్ కొట్టినట్టుంది"

ఈ మాట వింటే నేను అడిగేది ఒక్కటే: "మాత్ర ఎప్పుడు ఆపారు?" ఆపిన రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇది మొదలవుతుంది. కళ్ళు పక్కకి తిప్పితే తలలో జిల్లుమంటుంది, ఒళ్ళు తూలుతుంది, భయంకరమైన కలలొస్తాయి, ఊరికే కోపం, ఏడుపు. జబ్బు తిరగబెట్టిందనుకుని కొందరు, మందుకి అలవాటు పడిపోయామనుకుని కొందరు హడలిపోతారు. రోజూ అందుతున్నది హఠాత్తుగా ఆగిపోయేసరికి మెదడు సర్దుకోలేక చేసే గోల అది. మద్యంలా ఇంకా ఇంకా కావాలనిపించే వ్యసనం కాదు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ (ఇదీ డిప్రెషన్ మాత్రే) ఒంట్లోంచి త్వరగా పోతాయి కాబట్టి వాటితో ఎక్కువ. ఫ్లూఓక్సెటిన్ వారాల తరబడి నిలుస్తుంది కాబట్టి దానితో తక్కువ.

పరిష్కారం: డాక్టర్‌కి ఆపిన సంగతి దాచకుండా చెప్పండి. చాలాసార్లు అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి, వారాల తరబడి, కొందరికి నెలల తరబడి, కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. మాత్రని మీరే విరిచి రోజు విడిచి రోజు వేసుకోవడం సరైన పద్ధతి కాదు, ఒంట్లో మందు ఒక రోజు ఎక్కి ఒక రోజు దిగుతూ ఉంటుంది.

ఎందుకు ఆపారంటే నాకు మూడు జవాబులొస్తాయి. "తగ్గిపోయింది కదా": బాగైన తరవాత కూడా కనీసం 6 నెలలు, చాలామందికి 9 నుంచి 12 నెలలు వాడాలి, లేకపోతే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. "ఊరెళ్ళాం, స్ట్రిప్ అయిపోయింది": వారం మిగిలి ఉండగానే కొనుక్కోండి, చీటీ ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. "ఉపవాసం, పథ్యం": ఈ మాత్రలకి పథ్యం లేదు, వంకాయ తిన్నా ఏం కాదు. రంజాన్ ఉపవాసం ఉండేవాళ్ళు మాత్ర వేళని ఇఫ్తార్‌కో సహర్‌కో మార్చుకోవచ్చు, డాక్టర్‌కి ముందే చెప్పండి.

ఒక్క పూట మర్చిపోతే? అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే దాన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.

"నాన్నకి తికమకగా ఉంది, తూలుతున్నారు"

ఒకాయన తన తండ్రికి నీరసమని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు కొనడానికి వచ్చాడు. ఆయన నాలుగైదు రోజులుగా మనవడి పేరు తప్పు పిలుస్తున్నారట, బాత్రూమ్‌కి వెళ్తూ పడబోయారట. వయసు మీద పడిందనుకున్నారు ఇంట్లో. ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే బీపీకి నీరు లాగే మందు కలిసిన మాత్ర, మూడు వారాలుగా ఎస్సిటలోప్రామ్. ఓఆర్‌ఎస్ ఇవ్వకుండా ఆసుపత్రికి పంపాను. రక్తంలో సోడియం 118కి పడిపోయింది, మామూలుగా 135 నుంచి 145 ఉండాలి.

ఈ మందులు కొందరు పెద్దవాళ్ళలో ఒంట్లో నీరు నిలిచేలా చేసి సోడియాన్ని తగ్గిస్తాయి. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్తాలిడోన్ లాంటివి ఉంటే ఆ ప్రమాదం రెట్టిస్తుంది. మాత్ర మొదలైన మొదటి నెలలో తలనొప్పి, నీరసం, తూలడం, తికమక కనబడితే ఆ రోజే సోడియం పరీక్ష చేయించండి. ఉప్పు ఎక్కువ తినిపించి ఇంట్లో సరిచేయబోవద్దు. తెలివి తప్పినా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకే.

"నొప్పులకి ఇంజెక్షన్ చేయించుకున్నాను, అప్పట్నుంచి వణుకు"

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మోకాళ్ళ నొప్పికి సూది వేయించుకుంటే, అది ట్రమడాల్ కావచ్చు. ట్రమడాల్ కూడా సెరటోనిన్‌ని పెంచుతుంది. కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్ కూడా అంతే. డిప్రెషన్ మాత్రతో వీటిలో ఏదైనా కలిసి శ్రుతి మించితే వణుకు, చెమటలు, జ్వరం, విరేచనాలు, కండరాలు బిగుసుకోవడం. జ్వరం, బిగుసుకోవడం ఉంటే గంటలు లెక్కపెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్‌తో సమస్య వేరు: కడుపులో రక్తస్రావం. మలం తారులా నల్లగా వస్తే అదే గుర్తు. మామూలు నొప్పికి పారాసిటమాల్ మేలు. రొమ్ము క్యాన్సర్‌కి టమోక్సిఫెన్ వాడే ఆడవాళ్ళు పారోక్సెటిన్, ఫ్లూఓక్సెటిన్ విషయం ఇద్దరు డాక్టర్లకీ చెప్పాలి, ఇవి టమోక్సిఫెన్ పనికి అడ్డుపడతాయి.

ఎవరూ పైకి చెప్పనిది

కోరిక తగ్గడం, మగవాళ్ళకి వీర్యం పడటం బాగా ఆలస్యం కావడం, ఆడవాళ్ళకి తృప్తి కలగకపోవడం. ఈ మందులతో ఇది చాలా మామూలు, మీ మగతనానికో మీ కాపురానికో వచ్చిన లోపం కాదు. భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకునే దాకా వెళ్ళిన ఇల్లు నాకు తెలుసు. డాక్టర్‌కి ఒక్క వాక్యం చెప్పండి, నోరు రాకపోతే కాగితం మీద రాసివ్వండి. డోసు తగ్గించడం, బుప్రోపియాన్, మిర్టజపిన్ లాంటి వేరే మందుకి మార్చడం, ఇలా దారులున్నాయి.

"ఇప్పుడు మరీ హుషారుగా ఉన్నాడు"

మూడు గంటలు నిద్రపోయి అలసట లేకుండా తిరగడం, ఆగకుండా మాట్లాడటం, ఉన్న డబ్బంతా ఖర్చు పెట్టడం. ఇది నయమవడం కాదు, లోపల బైపోలార్ (మనసు ఒకసారి కుంగిపోయి, ఇంకోసారి హద్దు మీరి హుషారెక్కే జబ్బు) ఉండి బయటపడి ఉండవచ్చు. వెంటనే సైకియాట్రిస్ట్‌కి చూపించండి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉండి ఉంటే మొదటి రోజే చెప్పాలి.

"అదే మాత్ర కదా, ఎందుకింత మత్తు?"

స్ట్రిప్ మీద పేరు చివర ఇంకో ముక్క ఉందేమో చూడండి. ఎస్సిటలోప్రామ్‌తో క్లోనజెపామ్ అనే మగత తెచ్చే మందు కలిపిన మాత్రలు మార్కెట్లో చాలా ఉన్నాయి. పేర్లు ఇంచుమించు ఒకటే కావడంతో ఒకదానికి ఒకటి ఇచ్చిన షాపులున్నాయి. క్లోనజెపామ్‌కి మాత్రం నిజంగానే అలవాటు పడతారు. అందుకే చీటీలో ఉన్న పేరూ స్ట్రిప్ మీద పేరూ అక్షరం అక్షరం పోల్చుకుని తీసుకోండి. ఈ మాత్ర వేసుకుని మద్యం తాగడం, బండి నడపడం అస్సలు కూడదు.

"పెళ్ళి కుదిరింది, మాన్పించేశాం"

ఈ మాట తల్లులు నాతో చాలా నెమ్మదిగా అంటారు. అత్తవారింట్లో స్ట్రిప్ కనబడుతుందన్న భయం. మాత్ర ఆపిన మూడో వారమో, మూడో నెలో జబ్బు తిరగబెడితే ఆ పిల్ల కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య ఒంటరిగా పడుతుంది. ముహూర్తం పెట్టుకోగానే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. తగ్గించే వీలుంటే నెలల ముందు నుంచి మొదలుపెడతారు. వీలు లేకపోతే పెళ్ళికొడుక్కి ఎలా చెప్పాలో కూడా వాళ్ళతో మాట్లాడొచ్చు.

నెల తప్పినా అంతే, భయపడి ఆ రోజే ఆపొద్దు. పారోక్సెటిన్ అయితే డాక్టర్ మార్చాలని చూస్తారు, సెర్ట్రాలిన్‌ని చాలామంది గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ కొనసాగిస్తారు. కాన్పు డాక్టర్‌కి చూపించే ఫైల్లో ఈ చీటీ కూడా పెట్టండి.