స్క్వేర్ విడిపోయినప్పుడు ఏం చేయాలి?

స్క్వేర్ డ్యాన్స్‌లో నాలుగు జంటలు చదరంగా నిలబడి ఆడే బృందాన్ని స్క్వేర్ అంటారు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరు తడబడినా అందరి అమరికా చెదురుతుంది. మీరొక్కరే దారి తప్పితే వెతుక్కుంటూ తిరగకండి. మిగతా ఏడుగురూ సరిగ్గా ఉంటే ఖాళీగా కనిపించే చోటే మీది, చాచిన చేయి అందుకుని అక్కడ నిలబడండి.

మొత్తం చెదిరిపోతే తప్పెవరిదో తేల్చే పని పెట్టుకోవద్దు. ఆ వాదనలోనే కాలర్ (ఏ అడుగు వేయాలో పిలిచి చెప్పే వ్యక్తి) చెప్పే తర్వాతి రెండు కాల్స్, అంటే ఆదేశాలు, వినపడకుండా పోతాయి. నలుగురు చొప్పున రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడండి. ప్రతి జంటలో మగవారి స్థానం ఎడమవైపు, ఆడవారి స్థానం కుడివైపు. పక్కన అసలు జోడీ లేకపోయినా పర్వాలేదు. పక్క స్క్వేర్లు కూడా ఇలాంటి వరసల్లోకి వచ్చినప్పుడు వాళ్లతో కలిసి మొదలుపెట్టండి.

కొత్తవాళ్లను భుజం పట్టి తోయడం, చేయి లాగడం మాత్రం వద్దు. పాత సభ్యులే ఎక్కువగా చేసే పొరపాటిది! లాగితే వాళ్ల తూకం తప్పుతుంది, పైగా కాల్ వినడం మానేసి మీ చేతి కోసం ఎదురుచూడటం అలవాటవుతుంది. వాళ్లు రావాల్సిన వైపు అరచేయి చాపి చూపండి, చాలు.