రక్తదాన శిబిరం కబురు నలుగురికీ చేరాలంటే

తిరుపతిలో రక్తదాన శిబిరం పెట్టే మాలాంటి చిన్న సంస్థలు కరపత్రం మీద చూపే శ్రద్ధలో సగమైనా ఆ కబురును పదిమందికి చెప్పవలసిన మనిషి మీద చూపవు. ఆ మనిషి వెనకాడేది బద్ధకం వల్ల కాదు, “రక్తమిస్తే నీరసం రాదా?” అని తోడికోడలో పక్కింటాయనో అడిగితే నీళ్లు నమలవలసి వస్తుందన్న సంకోచం వల్ల. కాబట్టి కబురుతో పాటు జవాబులు కూడా అందించాలి. పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, డెసీలీటరు (100 మిల్లీలీటర్ల) రక్తానికి 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చని, ఒకసారికి తీసేది సాధారణంగా 350 మిల్లీలీటర్లేనని, మళ్లీ ఇవ్వడానికి పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలని, అర్హతను చివరకు శిబిరంలోని వైద్యులే పరీక్షించి తేలుస్తారని వారికి ముందే వివరించాలి. పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి తలాసీమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుందన్న ఒక్క మాట, మా అనుభవంలో, ఎంత పెద్ద ఉపన్యాసం కంటేనైనా బాగా గుర్తుండిపోతుంది. అయితే ఏ బిడ్డ ఫొటోనూ పేరునూ బయటపెట్టకూడదు.

“అందరికీ పంపండి” అంటే ఎవరూ పంపరు. పొదుపు సంఘం సమావేశం ముగిసి, పుస్తకాల్లో సంతకాలు జరుగుతున్నప్పుడు ఒక సభ్యురాలి పక్కన కూర్చుని, “అక్కా, మీ మరిది డిగ్రీ చదువుతున్నాడు కదా, ఆయనకూ ఆయన స్నేహితులిద్దరికీ ఈ రాత్రే చెప్తారా?” అని అడిగితే, ఆమె మనసులో అప్పుడే మూడు ముఖాలు మెదులుతాయి.

వాట్సాప్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టే ముందుకు తోయమని కోరడం కూడా మంచిది కాదు. చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక్కరికో ఒక్క గ్రూపుకో మాత్రమే పంపనిస్తున్నారు. పైగా దాని మీద కనిపించే జంట బాణాల గుర్తును చూసి చాలామంది చదవకుండానే వదిలేస్తారు. అర నిమిషం పాటు సొంత గొంతుతో చెప్పి పంపమనండి. నగరి, కుప్పం వైపు బంధువులున్నవారు తమిళంలోనో కన్నడంలోనో చెప్పుకోవడానికి కూడా అప్పుడే వీలవుతుంది.

తేదీ లేని కబురును మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మేము ఒకసారి “ఈ ఆదివారం” అని మాత్రమే రాసి పంపాము. శిబిరం ముగిసిన రెండు వారాలకు రేణిగుంట నుంచి ఒకాయన ఉదయం ఏడున్నరకే వచ్చి, తాళం వేసి ఉన్న హాలు మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశారు. ఆయనకు ఏమని చెప్పాలో మాకు తోచలేదు. అప్పటి నుంచి తేదీ, సమయం, స్థలంతో పాటు “ఈ తేదీ దాటాక ఎవరికీ పంపవద్దు” అన్న వాక్యాన్ని కూడా చేరుస్తున్నాము.

శిబిరంలో పేరు నమోదు చేసేటప్పుడు “మీకు ఎవరు చెప్పారు?” అని అడిగి పక్కన రాసుకోండి. మరునాడే ఆ అక్కకు ఫోన్ చేసి, ఆమె మాట మీద ఎంతమంది వచ్చారో చెప్పండి. ఒక్కరే వచ్చినా సరే, ఆ ఒక్కరి గురించే చెప్పండి.