యంత్రంపై సిద్ధం చేసిన దాత ఊపిరితిత్తి: పేరు నమోదు, సమ్మతి పత్రాల దరఖాస్తు విధానం

దాత ఊపిరితిత్తిని అమర్చేముందు కొన్ని గంటలపాటు యంత్రంపై ఉంచి పరీక్షించే పద్ధతి ఇప్పుడు పలు మార్పిడి కేంద్రాల్లో ఉంది; అలాంటి ఊపిరితిత్తికి రోగి విడిగా సమ్మతి తెలపాలి. ఊపిరితిత్తుల మార్పిడికి దరఖాస్తు సాధారణంగా చికిత్స చేస్తున్న ఊపిరితిత్తుల వైద్యుని సిఫారసు లేఖతో మొదలవుతుంది. కొన్ని మార్పిడి కేంద్రాలు రోగి నేరుగా రాసినా స్వీకరిస్తాయి, కానీ అప్పుడు కూడా ఆ వైద్యుని వద్దనున్న రికార్డులన్నీ కోరతాయి. ఆక్సిజన్ లేకుండా గడవని స్థితి వచ్చేదాకా ఆగకుండా, వ్యాధి ముదురుతోందని తెలిసిన తొలి దశలోనే సిఫారసు అడగడం మంచిది. ఎందుకంటే పరీక్షలకే వారాలు పడతాయి, బాగా నీరసించిన శరీరాన్ని శస్త్రచికిత్సకు అర్హమైనదిగా కేంద్రం అంగీకరించకపోవచ్చు.

దరఖాస్తుకు జతచేయవలసినవి

సీటీ స్కాన్, శ్వాస సామర్థ్య పరీక్షలు, ఆరు నిమిషాల నడక పరీక్ష, గుండె పరీక్షలు, బ్లడ్ గ్రూపు, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షల ఫలితాలు, టీకాల వివరాలు, వాడుతున్న మందుల జాబితా. వీటిలో చాలావాటిని కేంద్రమే మళ్లీ చేయిస్తుంది గనుక పాత నివేదికల్లో ఒకటి రెండు దొరకలేదని దరఖాస్తు ఆపుకోనవసరం లేదు.

ఏమాత్రం నిర్లక్ష్యం చేయకూడని భాగం మాత్రం ఒకటుంది. గతంలో రక్తం ఎక్కించారా, గర్భం దాల్చారా, ఇంతకు ముందు ఏదైనా అవయవ మార్పిడి జరిగిందా అనే ప్రశ్నలకు పూర్తి నిజం రాయాలి. ఈ మూడు సందర్భాల్లోనూ శరీరం పరాయి కణాలపై ఉండే హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులను చూసి వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేసుకునే అవకాశం ఉంటుంది. దాత ఊపిరితిత్తిపై అవే గుర్తులు ఉంటే కొత్త అవయవంపై దాడి తక్షణమే మొదలుకావచ్చు. గర్భస్రావాన్ని చెప్పుకోవడం ఇబ్బందిగా తోచి చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు, దయచేసి వదలకండి. దాత దొరికినప్పుడు ప్రయోగశాల మీ యాంటీబాడీల జాబితాను దాత హెచ్‌ఎల్‌ఏ వివరాలతో కంప్యూటర్‌లోనే పోల్చి చూస్తుంది. ఆ జాబితా పాతదైతే నిర్ణయమూ తప్పుతుంది. మార్పిడి కోసం నిరీక్షణ జాబితాలో ఉన్న కాలంలో రక్తం ఎక్కించవలసి వస్తే ఆ సంగతి కేంద్రానికి వెంటనే తెలియజేసి, యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయించుకోవాలి.

ప్రత్యేక సమ్మతి ఎందుకు అడుగుతారు

మార్పిడి చేసే అవయవాల్లో ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించే ప్రమాదం ఎక్కువ. ప్రతి శ్వాసతో బయటి గాలికి, క్రిములకు గురయ్యే అవయవం గనుక దానిలో దాత రోగనిరోధక కణాలు కూడా పెద్ద సంఖ్యలో ఉంటాయి. మార్పిడి జరిగిన ఐదేళ్లలో సుమారు సగం మందిలో దీర్ఘకాలిక తిరస్కరణ లక్షణాలు కనిపిస్తాయి. గ్రహీతకు జీవితాంతం మందులిచ్చి రోగనిరోధక శక్తిని అణచడంతోనే సరిపెట్టకుండా, శరీరంలో పెట్టకముందే ఊపిరితిత్తిని బాగుచేయాలన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది.

ఆ పని కోసం దాత ఊపిరితిత్తిని పారదర్శకమైన గుమ్మటం కింద ఉంచి, వెంటిలేటర్‌తో గాలి అందిస్తూ, 37 డిగ్రీల వద్ద ప్రత్యేక ద్రావణాన్ని దాని రక్తనాళాల గుండా సాధారణంగా 4 నుంచి 6 గంటలపాటు ప్రవహింపజేస్తారు. స్వీడన్‌లోని లుండ్‌లో స్టిగ్ స్టీన్ బృందం ఇలా పరీక్షించిన ఊపిరితిత్తిని 2000లో తొలిసారి మనిషికి అమర్చింది. టొరంటో బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం తర్వాత ఈ పద్ధతి పలు కేంద్రాలకు విస్తరించింది. అనుమానాస్పదంగా ఉన్న ఊపిరితిత్తి పనికొస్తుందో లేదో తేల్చడం దీని ప్రస్తుత ప్రయోజనం. యంత్రంపై ఉన్నప్పుడు దాత తెల్లకణాల్లో కొన్ని ద్రావణంలోకి కొట్టుకువస్తాయి, కానీ అంతమాత్రంతో తిరస్కరణ తగ్గిపోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు.

సమ్మతి పత్రాన్ని కేంద్రం మీ అర్హతను పరీక్షించే రోజుల్లోనే చదివి, అర్థం కానిది అడిగి, సంతకం చేయాలి. అర్ధరాత్రి ఫోన్ వచ్చి ఆసుపత్రికి పరుగెత్తే వేళ ఎవరూ నింపాదిగా ఆలోచించలేరు. యంత్రంపై ఉంచిన ఊపిరితిత్తికి అంగీకారం, గుండె ఆగిన తర్వాత దానం చేసిన దాత అవయవానికి అంగీకారం, పరిశోధనలో పాల్గొనడానికి అంగీకారం ఈ మూడూ వేర్వేరు విషయాలు. అన్నిటికీ కలిపి ఒకే సంతకం కోరితే విడదీయమని అడిగే హక్కు మీకుంది.

పరిశోధన దశలో ఉన్న చికిత్సలు

జన్యువులను మార్చి తిరస్కరణను తగ్గించే ఊపిరితిత్తి కావాలని సాధారణ దరఖాస్తులో కోరడానికి వీలుండదు. జర్మనీలోని హానోవర్ వైద్య విశ్వవిద్యాలయ బృందం ఊపిరితిత్తి యంత్రంపై ఉండగానే జన్యు మార్పును కణాల్లోకి మోసుకెళ్లే వైరస్ వాహకాలతో దానిపై ఉండే హెచ్‌ఎల్‌ఏ లాంటి గుర్తులను తగ్గించి చిన్నజాతి పందులకు అమర్చింది. 2023లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, రోగనిరోధక శక్తిని అణచే మందులు 4 వారాలకే ఆపినా 7 పందుల్లో 5 రెండేళ్ల అధ్యయన కాలమంతా ఆ ఊపిరితిత్తిని నిలుపుకున్నాయి. గుర్తులు తగ్గించని ఊపిరితిత్తులు పొందిన పందులన్నీ 3 నెలల్లోపే వాటిని తిరస్కరించాయి. టొరంటోలో మార్పిడికి పనికిరాని మానవ ఊపిరితిత్తుల నుంచి రెండు ఎంజైములతో ‘ఎ’ బ్లడ్ గ్రూపు గుర్తులను 4 గంటల్లో 97 శాతానికి పైగా తొలగించినట్టు 2022లో వెల్లడించారు. ఈ ఫలితాలు నిజంగా ఆశ కలిగించేవి. అయినా మనుషులకు ఇలాంటి చికిత్స అందవలసింది నమోదైన క్లినికల్ ట్రయల్ ద్వారానే. అందులో చేరేముందు నైతిక కమిటీ అనుమతి పత్రం, ట్రయల్ నమోదు సంఖ్య, హాని జరిగితే వైద్య ఖర్చు ఎవరు భరిస్తారన్న షరతు చూపించమనండి. ట్రయల్‌కు ఒప్పుకోకపోయినా నిరీక్షణ జాబితాలో మీ స్థానం మారదన్న వాక్యం పత్రంలో ఉండి తీరాలి.

పేరు జాబితాలోకి ఎక్కాక

ఫోన్ నంబరు, చిరునామా మారినా, జ్వరం వచ్చినా, కొత్త మందు మొదలుపెట్టినా కేంద్రానికి తెలపాలి. పిలుపు వచ్చాక ఏమీ తినకుండా బయలుదేరాలి. యంత్రంపై ఉన్న ఊపిరితిత్తి చివరి పరీక్షలో విఫలమైతే మిమ్మల్ని ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చాక కూడా వెనక్కి పంపవచ్చు; అలా జరిగినా మీ పేరు జాబితాలోనే ఉంటుంది, కొత్త దరఖాస్తు అక్కర్లేదు. ఇచ్చిన సమ్మతిని మత్తు ఇచ్చేముందు వరకు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆ మాట కేంద్రంలోని మార్పిడి సమన్వయకర్తకు నోటితో చెప్పడంతో సరిపెట్టక, రికార్డులో రాయించి ప్రతి తీసుకోవాలి.