ఆల్ఫా మైనస్‌లో వచ్చిందా? ఐటెంలు పీకేసే ముందు ఇది చూడండి

సమస్య: రోజెన్‌బర్గ్ సెల్ఫ్ ఎస్టీమ్ స్కేల్ (ఆత్మగౌరవాన్ని కొలిచే పది వాక్యాల ప్రశ్నావళి, ఒక్కో వాక్యం ఒక ఐటెం) డేటా గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేసి రిలయబిలిటీ చూస్తే క్రాన్‌బాక్ ఆల్ఫా (ఐటెంలన్నీ ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 0.2 దగ్గరో, ఏకంగా మైనస్‌లోనో వచ్చింది. వైవా దగ్గరపడుతోందన్న టెన్షన్‌లో దాదాపు అందరూ చేసే పని, 'ఐటెం తీసేస్తే ఆల్ఫా ఎంత' అనే కాలమ్ చూస్తూ ఒక్కో ఐటెమూ తీసేసుకుంటూ పోవడం. దయచేసి ఆ పని చేయకండి. 1965 నుంచి వాడుకలో ఉన్న స్కేలు అది, మీ చేతిలోకి రాగానే పాడైపోదు.

కారణం: పది ఐటెంలలో ఐదు నెగటివ్‌గా అడిగినవి. వాటిని తిరగేయాలి (దీన్నే రీకోడ్ చేయడం అంటారు), అంటే 1 నుంచి 4 స్కోరింగ్ అయితే 5లోంచి తీసేయాలి. ఎక్కువగా వాడే ప్రతిలో అవి 2, 5, 6, 8, 9. వరుస మారిన ప్రతులూ ఉన్నాయి కాబట్టి నంబరు నమ్మకండి, వాక్యం చదవండి.

"రీకోడ్ చేశాను సార్" అంటారు. చేసే ఉంటారు, కానీ రెండుసార్లు! అసలు చిక్కంతా ఇక్కడే. అదే వేరియబుల్‌లోకి రీకోడ్ చేసి ఫైల్ సేవ్ చేస్తారు, వారం తర్వాత ఆ ఫైలే తెరిచి సింటాక్స్ (రాసిపెట్టుకున్న ఆదేశాలు) మొత్తం మళ్లీ రన్ చేస్తారు, 4 కాస్తా 1 అయి మళ్లీ 4 అయి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ రాదు. పైగా సగం అటూ సగం ఇటూ ఉన్నాయి కాబట్టి ఐటెం-టోటల్ కోరిలేషన్ (ఒక్కో ఐటెం మిగతావాటి మొత్తంతో ఎంత కలుస్తుందో చూపే) కాలమ్‌లో మంచి ఐటెంలు కూడా సున్నా దగ్గరో మైనస్‌లోనో కనబడతాయి, తప్పు ఏ ఐటెంలో ఉందో ఆ కాలమ్ చూస్తే తెలియదు.

పరిష్కారం: నింపిన ప్రశ్నాపత్రం ఒకటి చేతిలోకి తీసుకోండి. "నేను ఎందుకూ పనికిరాను అనిపిస్తుంది" అన్నదానికి ఆ మనిషి 4 దగ్గర టిక్ పెడితే ఫైల్‌లో 1 ఉండాలి. 4 ఉంటే రీకోడ్ అసలు జరగలేదు, లేదా రెండుసార్లు జరిగింది. ముడి డేటా ఫైల్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఈసారి వేరే వేరియబుల్‌లోకి రీకోడ్ చేయండి, పేరు చివర ఆర్ (R) అక్షరం తగిలించండి. సింటాక్స్ ఎన్నిసార్లు రన్ చేసినా అసలు కాలమ్ చెక్కుచెదరదు. రిలయబిలిటీలో పాత ఐదింటి బదులు ఈ కొత్త ఐదూ పెట్టారో లేదో కూడా చూసుకోండి, అక్కడా చాలామంది జారిపోతారు.

అరుదుగా, జవాబు లేనిచోట వేసిన 99ని మిస్సింగ్‌గా (జవాబు లేనట్టుగా) సాఫ్ట్‌వేర్‌కి చెప్పకపోవడం వల్ల తేడా వస్తుంది, మాగ్జిమం 4 దాటిందేమో చూస్తే చాలు. ఇంకా అరుదుగా, అందరూ ఒకేలా టిక్ పెట్టిన శాంపిల్.

అన్నీ సరిచేశాక కూడా "నా మీద నాకు ఇంకాస్త గౌరవం ఉంటే బాగుండు" అన్న ఐటెం ఒక్కటే మొండికేస్తే కంగారు పడకండి. 2005లో 53 దేశాల డేటాతో వచ్చిన అధ్యయనంలోనూ తేడాగా కనబడింది అదే. పది ఐటెంల ఆల్ఫా, అది లేకుండా తొమ్మిదింటి ఆల్ఫా, రెండూ థీసిస్‌లో రాసేయండి.