సైన్సు వార్తల అంకె కనబడితే ఎట్ల చదవాలె, మల్టీమీటర్ తోని నేర్చుకుందాం

ఫలానాది తింటే కాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతదట, సెర్న్ అనే యూరప్ కణాల పరిశోధన ల్యాబుల కొత్త కణం దొరికిందట, ఇట్ల రోజుకో అంకె ఫోన్లకొచ్చి పడుతది. నేను హన్మకొండల ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ చేయిస్త, ఇసొంటి అంకెలు చదువుడు నాకు కరెంటు, ఓల్టేజి, రెసిస్టెన్స్ కొలిచే మల్టీమీటరే నేర్పింది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడుత.

మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, 1 కిలో ఓం (1000 ఓంల) రెసిస్టర్, అంటే కరెంటును అడ్డుకునే చిన్న ముక్క, ఒకటి తెచ్చుకోండి. రెసిస్టర్ మీద గోధుమ, నలుపు, ఎరుపు, చివరికి బంగారు రంగు గీత ఉంటది, ఆ బంగారు గీత అంటే 5 శాతం అటో ఇటో అని, 950 నుంచి 1050 ఓంల దాకా ఎంతున్నా అది మంచి రెసిస్టరే. ముందుగాల ప్రోబులు, అంటే మీటర్ వైర్ల సూది కొనలు, రెండూ ఒకదానికొకటి తాకించి చూడండి, చిన్న రేంజిల 0.3, 0.4 ఓంలు అట్ల చూపిస్తది, అది వైర్లది. ఇగ రెసిస్టర్ పెట్టి రీడింగ్ రాసుకోండి, తీసి మళ్ల పెట్టి మళ్ల రాసుకోండి, పది సార్లు. 986, 987, 986, 985 ఇట్ల వస్తయి అనుకోండి. మా పిల్లలు "అసలు విలువ 1000 గదా సార్" అని అన్నీ 1000 రాసేస్తరు, అట్ల రాయొద్దు, వచ్చిందే రాయాలె.

ఇప్పుడు మీటర్ తోని వచ్చిన కాయితం తీయండి, దాన్ని ఎవ్వరూ చదవరు. అండ్ల 0.8 శాతం ప్లస్ 2 డిజిట్లు (చివరి అంకెల 2 తేడా, ఇక్కడ 2 ఓంలు) అని ఉంటే, 986కు దగ్గర దగ్గర 10 ఓంలు అటు ఇటు. మీ రీడింగులేమో ఒక్క ఓం కన్నా ఎక్కువ కదుల్తలేవు, కాని మీటరే 10 ఓంలు తప్పు చూపించొచ్చు, వందసార్లు కొలిచినా ఆ తప్పు బయటపడదు, ఇంకో మీటర్ పెడితేనే తెలుస్తది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. ఒకసారి ఒక బ్యాచ్ మొత్తానికి రీడింగులు ఎక్కువెక్కువొచ్చినయి, రెసిస్టర్లే ఖరాబని పక్కకు పెట్టిన, తీరా చూస్తే ప్రోబ్ పిన్ను మీటర్లకు పూర్తిగ దిగలేదు.

ఇదే కథ పెద్ద ల్యాబుల గూడ జరిగింది. 2011 సెప్టెంబర్ల ఒపేరా అనే ప్రయోగమోళ్లు, సెర్న్ నుంచి 730 కిలోమీటర్ల దూరంల ఇటలీల ఉన్న గ్రాన్ సాసో ల్యాబుకు న్యూట్రినోలు అనే చిన్న కణాలు కాంతి కన్నా 60 నానోసెకన్లు ముందొస్తున్నయని చెప్పిర్రు. వాళ్ల లెక్కల అది 6 సిగ్మా. సిగ్మా అంటే ఏంది అంటే, కొత్తది ఏం లేకున్నా ఒట్టి యాదృచ్ఛికంగ ఇంత తేడా కనబడే అవకాశం ఎంత తక్కువో చెప్పే కొలత, 5 సిగ్మా అంటే దాదాపు 35 లక్షలల్ల ఒకటి. మరి 6 సిగ్మా ఎట్ల తప్పయింది? టైం లెక్కకు వాడిన ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ బిగించి లేదు. సిగ్మా రీడింగుల కదలికను చూస్తది గని, లూజ్ వైరును చూడదు. 2012 జులై 4 నాడు సెర్న్ల హిగ్స్ అనే కొత్త కణం గురించి చెప్పినప్పుడు మాత్రం అందరికి నమ్మకం కుదిరింది, ఎందుకంటే అట్లాస్, సీఎంఎస్ అనే రెండు డిటెక్టర్లు వేర్వేరుగ చూసినయి. కణం వార్త వస్తే ఎన్ని సిగ్మా అని చూడండి, వెంటనే ఇంకెవరన్న చూసిర్రా అని వెతకండి.

కాన్సర్ అంకెలకాడ ఇంకొక మెలిక ఉంది. రోజుకు 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం, అంటే సాసేజీలు, సలామీ అసొంటివి తింటే పెద్దపేగు కాన్సర్ రిస్క్ 18 శాతం పెరుగుతదని 2015ల ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చెప్పింది. ఏ 18 శాతం, దేని మీద? లెక్క కోసం 100 మందిల 5గురికి వచ్చే జబ్బు అనుకుందాం, 18 శాతం పెరిగితే 5.9, అంటే ఇంచుమించు 6గురు, 23 మంది కాదు. అదే ఐఏఆర్‌సీ ఈ మాంసాన్ని, పొగాకును ఒకటే గ్రూప్ 1ల పెట్టింది, రెండూ ఒక్క తీరు డేంజర్ అని కాదు, కాన్సర్ తెస్తదనేటందుకు రుజువు రెండిటికీ గట్టిగ ఉందని. రుజువు ఎంత గట్టిది, ప్రమాదం ఎంత పెద్దది, ఇవి రెండు వేరు ప్రశ్నలు, వార్త చదివినప్పుడు రెండూ అడగాలె.

మా మేనత్త ఊర్ల ఇంటి పక్కన సెల్ టవర్ పెట్టినప్పటి నుంచి "కాన్సర్ వస్తదట గదా బిడ్డా" అని భయపడుతది. ఆ రేడియో తరంగాలను ఐఏఆర్‌సీ 2011ల గ్రూప్ 2బీల పెట్టింది, కావచ్చేమో అన్నంత వరకే, రుజువు తక్కువ. ఆమె నలబై ఏండ్లుగ నమిలే తంబాకు, వక్క మాత్రం రెండూ గ్రూప్ 1. పక్కన కూసోని, కాయితం మీద రెండు గీతలు గీసి చెప్పిన అత్తా ఇది చూడు అని, చాలాసేపు ఏం మాట్లాడలే, తర్వాత దవడ లోపల తెల్లగ అయిందని నోరు తెరిచి చూపించింది. తెల్లారి హన్మకొండకు తోలుకొచ్చి డాక్టర్‌కు చూపించిన. మీ ఇంట్ల ఎవరికన్న నోట్ల తెల్ల మచ్చ గాని పుండు గాని రెండు మూడు వారాలైనా తగ్గకుంటే ఆగొద్దు, తీసుకపోండి.