తెచ్చుకున్న కుక్క తేడాగా ఉందా? ముందు ఒళ్లు, తర్వాత ఇల్లు, ఆఖరున బుద్ధి

కర్రి మా ఇంటికొచ్చిన నాలుగో రోజున అమ్మ తీర్పు చెప్పేసింది. "ఏట్రా ఇది? తినదు, మొరగదు, పిలిస్తే రాదు. బుద్ధిలేని కుక్కని తగిలించేశార్రా నీకు."

విశాఖ సీతమ్మధారలో రెండో అంతస్తు ఫ్లాట్ మాది. కర్రికి రెండేళ్లుంటాయి. నల్లగా ఉంది కాబట్టి ఆ పేరు. ఊరి శివార్లలోని ఒక కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. నిజం చెప్పాలంటే అమ్మ అన్నదే నా మనసులోనూ ఉంది. ఫ్యాను తిరక్కపోతే ముందు కరెంటు ఉందా అని చూస్తాం గానీ ఫ్యానుని తిట్టం కదా. కుక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం తిట్టడంతోనే మొదలుపెడతాం. ఇప్పుడు ఏ తేడా కనిపించినా నేను చూసే వరస వేరు. ముందు ఒంట్లో ఏమైనా ఉందా, తర్వాత ఇంట్లో ఏమైనా ఉందా, ఈ రెండూ కాకపోతేనే బుద్ధి సంగతి.

కుక్కని ఇంకా తీసుకురాలేదు, ఏం చూసుకోవాలి?

బాల్కనీ గ్రిల్ సందుల్లోంచి కుక్క తల దూరుతుందేమో చూడండి. తల దూరితే ఒళ్లూ దూరుతుంది. ఎలకల మందు బిళ్లలు ఫ్రిజ్ వెనకో సింకు కిందో పెట్టి మర్చిపోయి ఉంటారు, అవి తీసేయండి. టైల్స్ నేల మీద కాళ్లు జారే కుక్క నడవడానికే జంకుతుంది. పాత గోనెపట్టాలో దుప్పట్లో పరిచి ఒక దారి వేయండి. ఎవరూ తొక్కని మూల ఒకటి దానికి వదిలేయండి. మా ఇంట్లో అది సోఫాకీ గోడకీ మధ్య సందు.

షెల్టర్ వాళ్లని అడగాల్సినవి: టీకాల కార్డు, నులిపురుగుల మందు వేసిన తేదీ, ఇప్పుడు ఏం తింటోంది, పిల్లలతో పిల్లులతో ఎలా ఉంటుంది. చెవి అంచున గాటు ఉంటే వీధిలో పట్టుకుని సంతాన నియంత్రణ ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు. "చాలా ఫ్రెండ్లీ అండీ" అన్న మాట ఒక్కటే నమ్ముకుని మేం తెచ్చుకున్నాం. పాపం అబద్ధం కాదు, వాళ్ల దగ్గర ఫ్రెండ్లీయే.

దీపావళి వారంలో తేవొద్దు. తెచ్చిన రోజునే స్నానం చేయించొద్దు. కొత్త కుక్కని చూడ్డానికి గాజువాక నుంచి చిన్నాన్న కుటుంబాన్ని పిలవొద్దు. ఈ మూడింట్లో రెండు మేం చేశాం.

తినట్లేదు, సోఫా కిందనుంచి రావట్లేదు

పెద్ద కుక్క మొదటి ఒకట్రెండు రోజులు సరిగ్గా తినకపోవడం మామూలే. భయంతో కడుపు మూసుకుపోతుంది. నీళ్లు తాగుతూ, పాసు పోస్తూ ఉంటే కంగారు పడక్కర్లేదు. రెండు రోజులు దాటినా ముట్టకపోతే, నీళ్లూ మానేస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లకుక్క అయితే రెండు రోజులు ఆగే పనే లేదు, ఒక పూట పూర్తిగా మానేసినా తీసుకెళ్లండి.

గిన్నె దాని మూలలోనే పెట్టి, మీరు ఎదురుగా నిలబడకుండా పక్కకి వెళ్లిపోండి. లాగొద్దు, ఎత్తుకోవద్దు, కళ్లలోకి చూస్తూ బుజ్జగించొద్దు. నేల మీద దానికి పక్కగా కూచుని పేపరు చదువుకుంటే చాలు. కర్రి అయిదో రాత్రి మేమంతా పడుకున్నాక తిన్నాడు, అన్నాళ్లు ఆగకూడదని అప్పటికి మాకు తెలీదు. గిన్నె నేల మీద జరిగిన చప్పుడు విని అమ్మ లేచి కూచుంది.

కుక్కల్ని పెంచేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెప్తారు. బెరుకు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి పట్టుబడ్డానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఉజ్జాయింపు లెక్కే, కర్రికి అన్నిట్లోనూ ఎక్కువే పట్టింది. మొదటి వారం చప్పుడు చేయకుండా పడుండే కుక్కని చూసి "ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోతారు కొందరు. అది బుద్ధి కాదు, బెదురు.

విరేచనాలు

ఎక్కువసార్లు కారణం మన ప్రేమే. షెల్టర్‌లో అన్నం, గుడ్డు తిన్న కుక్కకి మొదటి రోజే పాలు, ప్యాకెట్ తిండి, చికెన్ అన్నీ పెట్టేస్తాం. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. పాత తిండితోనే మొదలుపెట్టి, వారం రోజుల్లో కొద్దికొద్దిగా కొత్తది కలుపుతూ మార్చండి. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాల్ని దెబ్బతీస్తాయి కాబట్టి మిగిలిపోయిన పులుసు, సాంబారు గిన్నెలో పోయొద్దు. ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో పేగుల్లో గుచ్చుకుంటాయి.

పిల్లకుక్కకి వాంతులతో పాటు నెత్తురు కలిసి, భరించలేని వాసనతో విరేచనం అయితే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. మజ్జిగ, గ్లూకోజు నీళ్లతో ఇంట్లో పొద్దు గడపకుండా ఆ పూటే తీసుకెళ్లాలి. ఇంతకుముందు మీ ఇంట్లో పార్వోతో కుక్క పోయుంటే ఆ వైరస్ నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు, క్లోరిన్ ఉన్న బ్లీచ్ కావాలి. టీకాలు పూర్తికాని పిల్లని ఆ ఇంటికి తేవొద్దు.

ఇంట్లోనే పోసేస్తోంది

వీధిలో పెరిగిన కుక్కకి మట్టి, గడ్డి తెలుసు, హాలు తెలీదు. లేచిన వెంటనే, తిన్న పది పదిహేను నిమిషాలకి, పడుకోబోయే ముందు కిందకి తీసుకెళ్లి, పోసిన క్షణంలోనే ఏదైనా నోట్లో పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే లెక్కలోకి రాదు. పోసిన చోట మూత్రం వాసనని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. మన ముక్కుకి ఫినాయిల్ వాసనే వస్తుంది గానీ దాని ముక్కుకి ఆ అడుగున ఉన్నది కూడా తెలుస్తుంది, మళ్లీ అక్కడికే వెళ్తుంది. ముక్కు పట్టుకుని దాంట్లో రాయడం మా తాతల నాటి వైద్యం. దానివల్ల నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడకుండా మంచం కింద పోయడం. అలవాటైన కుక్క ఉన్నట్టుండి మళ్లీ మొదలుపెడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించండి.

డల్‌గా పడుంటోంది, అలిగినట్టుంది

నేను ఘోరంగా బోల్తాపడింది ఇక్కడే. మూడో వారంలో కర్రి నా కొత్త చెప్పు కొరికాడు. గట్టిగా అరిచాను. మర్నాటినుంచి లేవడు, తిండి దగ్గర మూతి తిప్పుకుంటాడు. అలిగాడు అనుకున్నాను. మా ఆవిడ నన్ను తిట్టి, వాడికి సారీ చెప్పమంది, చెప్పాను కూడా. రెండు రోజుల తర్వాత ముక్కులోంచి నెత్తురు చుక్క పడింది. డాక్టరు గారు పెదవి ఎత్తి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. టిక్ ఫీవర్.

గోమారు కుట్టి, దాని ద్వారా సూక్ష్మజీవి రక్తంలో చేరి వచ్చే జ్వరం ఇది. ఉక్కపోసే మన ఊళ్లో గోమార్లకి ఏడాది పొడుగునా పండగే. షెల్టర్ నుంచో వీధి నుంచో వచ్చిన కుక్క ఏ కొంచెం నీరసపడినా నేను ముందు అనుమానించేది దీన్నే. డాక్టరు డాక్సీసైక్లిన్ రాశారు, దాదాపు నెల్లాళ్లు వాడాం. వారంలో లేచి తిరిగాడు కదా అని మధ్యలో ఆపకూడదు. కుక్కకి మామూలు ఒంటి వేడే సుమారు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. చెయ్యి పెట్టి చూసి జ్వరమని మన పారాసెటమాల్, బ్రూఫెన్ వేయొద్దు. ప్రాణం మీదికొస్తుంది.

గోమార్ల మందు కుక్కకి మాత్రమే వేస్తే సగం పనే అయినట్టు. కుక్కల మీద ఉండే గోమారు తన బతుకంతా ఇంట్లోనే వెళ్లదీయగలదు. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది గోడ పగుళ్లలో, తలుపు చట్రం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. కుక్కకి డాక్టరు చెప్పిన మాత్రో చుక్కలమందో, ఇంటికి పగుళ్లు పూడ్చడం, పరుపులు ఎండలో వేయడం, అవసరమైతే మందు కొట్టించడం, రెండూ జరగాలి. ఒంటిమీద కనిపించిన దాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

చెప్పు సంగతా? వీడు కుదురుకుంటున్నాడు, అంతే. బెదురు తగ్గాకే కొరుకుడు మొదలవుతుంది. చెప్పులు బీరువాలో పెట్టాం.

తలుపు తీస్తే పరుగు

కొత్త కుక్క తప్పిపోయే ప్రమాదం మొదటి రోజుల్లోనే ఎక్కువ. దానికి ఇల్లు ఇంకా తెలీదు, మనం పెట్టిన పేరూ తెలీదు. మెడ బెల్టులోంచి తల వెనక్కి లాగేసుకుంటుంది కాబట్టి ఛాతీకి తొడిగే పట్టీ, అదే హార్నెస్, కూడా వేసి రెండిటికీ గొలుసు తగిలించండి. బెల్టుకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల మొదటి రోజే ఉండాలి. పారిపోతే వెంటపడొద్దు, వెంటపడేకొద్దీ పరిగెడుతుంది. పక్కకి తిరిగి కూచుని పిలవండి. దొరక్కపోతే ట్రాఫిక్ తగ్గిన అర్ధరాత్రి, తెల్లవారుజామున తప్పిపోయిన చోటే దాని దుప్పటి, తిండి పెట్టి వెతకండి.

గిన్నె దగ్గరికెళ్తే గుర్రుమంటోంది

పూర్ణా మార్కెట్ వెనక చెత్తకుండీ దగ్గర నాలుగు కుక్కలతో పోట్లాడి తిన్న కుక్కకి, తినేటప్పుడు దగ్గరికొచ్చేవాడు లాక్కోవడానికే వస్తాడని అనుభవం. "యజమాని ఎవరో తెలియాలి" అని గిన్నె లాగేసి చూపించారా, ఆ అనుభవం నిజమని మీరే రుజువు చేసినట్టు. దూరంనుంచి నడిచి వెళ్తూ గిన్నెలో ఒక చికెన్ ముక్క విసిరి వెళ్లిపోండి. రోజుకి రెండుమూడుసార్లు, వారాల తరబడి. మనిషొస్తే తిండి పెరుగుతుందని దానికి లెక్క కుదరాలి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. ఆ హెచ్చరిక మాన్పిస్తే తర్వాత హెచ్చరించకుండా కరుస్తుంది. పిల్లలున్న ఇంట్లో తిండి వేళ మధ్యలో తలుపు ఉండాల్సిందే.

పన్ను దిగితే, గీరుకున్నా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. సున్నం, కారం, కాఫీపొడి పెట్టొద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది, ఇప్పుడు చేతికే నాలుగైదు మోతాదులు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. కుక్కకి టీకా వేశాం కదా అని మనం మానేయకూడదు, ఆ మాట డాక్టరు చెప్పాలి.

ఒంటరిగా వదిలితే ఊళ పెడుతోంది

కింది ఫ్లాట్ ఆంటీ చెప్పేదాకా మాకు తెలీదు. బండి తాళాలు తీసిన చప్పుడుకే కర్రికి వణుకు మొదలయ్యేది. రోజుకి పదిసార్లు తాళాలు తీసి, ఎక్కడికీ వెళ్లకుండా కూచున్నాను. తర్వాత ఒక నిమిషం బయటికెళ్లి రావడం, మూడు నిమిషాలు, పది. ఏడవకముందే తిరిగి రావడం ముఖ్యం. పెద్ద వీడ్కోళ్లు, వచ్చాక పెద్ద హడావిడి రెండూ మానేశాం. సెలవు పెట్టి కుక్కని తెచ్చుకుని, వారమంతా పక్కనే ఉండి, ఎనిమిదో రోజు తొమ్మిది గంటలు వదిలేసి ఆఫీసుకెళ్తే ఏ కుక్కయినా ఏడుస్తుంది.

చప్పుళ్లకి వణుకు

దీపావళి సంగతి అందరికీ తెలుసు. మన ఊరికి ఇంకోటి ఉంది. ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలున్నప్పుడు యుద్ధ విమానాలు నెత్తిమీంచి వెళ్తాయి, అసలు రోజుకి ముందు రిహార్సల్సూ ఉంటాయి. 2025 జనవరి 4న జరిగిన విన్యాసాల్లాంటివి ఉన్నాయని పేపర్లో చూడగానే ఆ రోజుల్లో నడక వేళ మార్చుకోండి. కిటికీలు మూసి, టీవీ వేసి, దాని మూలలో దాన్ని ఉండనివ్వండి. ఒళ్లోకి వస్తే రానివ్వండి. ఓదారిస్తే భయం పెరుగుతుందన్నది ఒట్టి మాట. బాగా ముదిరిన భయానికి మందులున్నాయి, ముందే డాక్టర్ని అడగాలి.

బీచ్‌కెళ్లొస్తే వాంతులు

ఉప్పునీళ్లు తాగింది. మంచినీళ్ల సీసా పట్టుకెళ్లండి. వలల్లోంచి తీసి ఒడ్డున పారేసిన చేపల్లో బంతిలా ఉబ్బే చేప విషం, నోరు పెట్టనివ్వొద్దు. ఎండాకాలం రోడ్డు మీద అయిదు సెకన్లు అరచెయ్యి ఆనించలేకపోతే దాని కాళ్లూ కాలతాయి.

అసోసియేషన్ వాళ్లు లిఫ్టులో ఎక్కించొద్దంటున్నారు

భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం చేసినా అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకున్నాను, ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు. కుక్క దొడ్డికి పోతే ఎత్తడానికి చేతిలో ఎప్పుడూ కవరు పట్టుకుని తిరగడం, కుక్కంటే భయమున్నవాళ్లు లిఫ్టులో ఉంటే మెట్లెక్కడం దానికంటే బాగా పనిచేశాయి.

ఇన్నాళ్లూ లేంది, ఇప్పుడు మొరుగుతోంది

నెల దాటాక ఇది వస్తే మా ఇంట్లో స్వీట్లు పంచుకోవాల్సిన మాట. ఇల్లు తనదైంది, కాపలా మొదలైంది. వినపడే ప్రతి అడుగునీ పరిచయం చేయాలి. తెల్లవారుజామున పాలాయన రాగానే గొంతు చించుకునేవాడు కర్రి. వారం రోజులు ఆయన చేతికి రెండేసి బిస్కెట్లిచ్చి, గుమ్మంలో వేయమన్నాం. ఇప్పుడు అయిదింటికే తలుపు దగ్గర తోకాడిస్తూ కూచుంటాడు. పేపరబ్బాయికి మాత్రం ఇంకా మొరుగుతూనే ఉన్నాడు. వాడు పైకి రాడు, కిందనుంచే బాల్కనీలోకి విసిరేస్తాడు మరి.