సంస్థ పేరు మాటల వల్ల చెడుతోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

ఏదైనా సంస్థ పరువు పోయినప్పుడు అందరూ బయటికి వచ్చిన ప్రకటనను తప్పుపడతారు. నేను మాత్రం ఆ ప్రకటన రాసే వేళకు లోపల ఎవరికి ఏం తెలుసో అడుగుతాను. చిక్కు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

సమస్య: తలా ఒక మాట చెబుతున్నారు

కాల్ సెంటర్‌లో 'రేపటికల్లా సరిచేస్తాం' అంటారు. సేల్స్ వాళ్లు 'అసలు సమస్యే లేదు' అంటారు. వెబ్‌సైట్‌లో 'పరిశీలిస్తున్నాం' అని ఉంటుంది. కస్టమర్ మూడింటినీ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెడతాడు.

కారణం: ఎవరూ అబద్ధమాడటం లేదు, ఎవరికి తెలిసింది వాళ్లు చెబుతున్నారు. తాజా సమాచారం ఫలానా చోట ఉంటుందన్న ఏర్పాటే లేదు. 2017లో, జనం అప్పుల చరిత్రను నమోదు చేసే అమెరికా సంస్థ ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు చోరీ అయ్యాయి. బాధితుల కోసం ఆ సంస్థ వేరే చిరునామాతో కొత్త సైట్ తెరిచింది. దాన్ని అనుకరించడం ఎంత తేలికో చూపించడానికి ఒక డెవలపర్ ఆ పేరులోని పదాలను అటూ ఇటూ మార్చి నకిలీ సైట్ పెట్టాడు. సంస్థ అధికారిక ట్విట్టర్ ఖాతా ఆ నకిలీ లింకునే కస్టమర్లకు పంపింది, అదీ ఒక్కసారి కాదు, పలుమార్లు! దొంగల అవసరం లేకుండా సొంత మనుషులే నవ్వులపాలు చేశారు.

పరిష్కారం: ఒక్కో సంఘటనకు ఒకే పేజీ, దానికి ఒకే బాధ్యుడు. పైన తేదీ, సమయం. కింద మూడే విషయాలు: ఏం తెలిసింది, ఏం తేలలేదు, మళ్లీ ఎప్పుడు చెబుతాం. ఎవరు జవాబిచ్చినా దాన్ని చూసే ఇవ్వాలి. గ్రూపుల్లో తిరుగుతున్న పాత మెసేజీలను తీసేయించండి. సిబ్బందికి పావుగంట ముందైనా తెలియాలి. తమ సంస్థ సంగతి కస్టమర్ నోట వినడం ఉద్యోగికి తలవంపులు. అన్నట్టు, ఆపద వేళ కొత్త వెబ్ చిరునామా జోలికి పోకండి.

సమస్య: తప్పని తెలిసినా సవరణ కదలడం లేదు

2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందంటూ జనం ఫోన్లకు హెచ్చరిక వెళ్లింది. పొరపాటని అధికారులకు నిమిషాల్లోనే తెలిసింది. ఫోన్లకు సవరణ చేరడానికి మాత్రం 38 నిమిషాలు పట్టింది.

కారణం: హెచ్చరిక సిద్ధంగా ఉంది, 'అది తప్పు' అనే సందేశాన్ని మాత్రం ఎవరూ ముందుగా రాసి పెట్టుకోలేదు.

పరిష్కారం: ముఖ్యమైన ప్రతి సందేశంతో పాటే దాని సవరణనూ రాసి ఉంచండి. పంపే అధికారం ఒకరికి, ఆయన అందకపోతే ఇంకొకరికి పేరు పేరునా ఇవ్వండి. ఆదివారం అర్ధరాత్రి రెండు గంటలకు ఎవరు పంపుతారని మీటింగ్‌లో అడిగి చూడండి. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మీ జవాబు మీకు దొరికినట్టే.

సమస్య: క్షమాపణ చెప్పాక కోపం ఇంకా పెరిగింది

2017 ఏప్రిల్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి ఒక ప్రయాణికుణ్ణి ఈడ్చుకెళ్లిన వీడియో లోకమంతా చూసింది. కంపెనీ అధిపతి మాత్రం ప్రయాణికులకు 'వేరే ఏర్పాటు చేయాల్సి వచ్చినందుకు' క్షమించమన్నారు. సిబ్బందికి రాసిన లేఖలో ఆ ప్రయాణికుణ్ణే తప్పుపట్టారు. ఆ లేఖా బయటపడింది. మర్నాడు పూర్తి క్షమాపణ చెప్పక తప్పలేదు.

కారణం: జనం కళ్లారా చూసింది ఒకటి, ప్రకటనలో ఉన్నది ఇంకొకటి. పైగా లోపలికో మాట, బయటికో మాట.

పరిష్కారం: 'పొరపాటు జరిగింది' అన్న చోటల్లా 'మేం పొరపాటు చేశాం' అని మార్చి చదవండి. 'జరిగింది' అనే క్రియ తెలుగులో మహా సుఖమైనది, కర్త అక్కర్లేదు! 'అసౌకర్యానికి చింతిస్తున్నాం' కూడా ఆ కోవదే, ఎవరికి ఏ కష్టం కలిగిందో పేరు పెట్టి రాయండి. సిబ్బందికి రాసే మెయిల్ రేపు పేపర్లో వస్తుందనుకునే రాయండి.

సమస్య: చెడు కబురు పైవాళ్లకు చివర్న చేరుతోంది

1986లో, ఎగిరిన కాసేపటికే ఆకాశంలో బద్దలైన అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ ప్రయోగానికి ముందురోజు రాత్రి, ఈ చలిలో వద్దని ఇంజినీర్లు వాదించారు. ఆ అభ్యంతరం తుది నిర్ణయం తీసుకున్నవాళ్ల దాకా వెళ్లలేదు. అలాంటి కబురు మధ్య మెట్లు దాటి నేరుగా పైకి చేరే దారి ఒకటి ఉంచండి. కబురు వచ్చాక మొదటి ప్రశ్న 'ఎవరు చేశారు' కాకుండా 'ఎప్పటినుంచి' అని ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా అదే ఫిర్యాదు నెలనెలా వస్తుంటే అది మాటల లోపం కాదు, పనిలో లోపం. ఆ ఫైలును ప్రకటనలు రాసేవాళ్ల బల్ల మీద నుంచి తీసి ఆ పని చేసే విభాగానికి పంపండి.